డిశ్చార్జి బుక్కులో లేని జబ్బు: సైనిక సంక్షేమ అధికారులకు, పాలీక్లినిక్ డాక్టర్లకు, కలెక్టర్లకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టా జిల్లాల సైనిక సంక్షేమ అధికారులకు, మాజీ సైనికుల పాలీక్లినిక్‌లలో పనిచేస్తున్న వైద్యాధికారులకు, జిల్లా కలెక్టర్లకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. మావాళ్ల పెన్షన్ కాగితాలు, పిల్లల స్కాలర్‌షిప్పులు మీలో చాలామంది ఓపిగ్గా చూస్తున్నారు. ఆ మాట ఒప్పుకునే అసలు సంగతికొస్తాను: సర్వీసులో చూసిన ఘోరాలవల్ల సైనికుల మనసుకి పట్టే జబ్బు.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా 24 ఏళ్లు చేసి హవల్దారుగా దిగినవాణ్ణి. ఊరు కోనసీమ, ఇల్లు కాలవ గట్టు మీద. బీపీ చూడమనో, కట్టు మార్చమనో చుట్టుపక్కల మాజీ సైనికులు మా అరుగు మీదికి వస్తుంటారు. పట్టీ చుట్టి గాలి కొడుతుంటే నెమ్మదిగా వేరే మాట బయటికొస్తుంది: "నిద్ర పట్టట్లేదన్నా." ఆ మాట పట్టుకుని రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టాను. రెండు సోమవారం గ్రీవెన్సులో, ఒకటి నేరుగా ఒక కార్యాలయంలో. మొదటి రెండింటికీ ఫోనుకి మెసేజీ వచ్చింది, సంబంధిత శాఖకు పంపి పరిష్కరించడమైనది అని. ఏ శాఖకు పంపారో, ఏం పరిష్కరించారో ఇప్పటికీ తెలీదు. మూడోదాన్ని చదివిన గుమాస్తాగారు తలెత్తి, "దీనికి మా దగ్గర హెడ్ లేదండి, ఏ పద్దులోకీ రాదు. మోకాలి నొప్పి అని రాయండి, ఇప్పుడే స్లిప్పు ఇప్పిస్తాను" అన్నారు. వెటకారానికి అనలేదాయన. సాయం చేద్దామనే అన్నారు. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

హెడ్ లేని ఆ జబ్బు పేరు పీటీఎస్‌డీ, పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, డాక్టర్లు దీన్ని షెల్ షాక్ అన్నారు. ఇప్పటి పేరుతో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది 1980లో, వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్ల పోరు పడలేక. మన ఊళ్లలో దీనికి వేరే పేర్లున్నాయి. గాలి సోకింది, మిలిటరీ తిక్క, తాగి తాగి అలా అయ్యాడు. గుర్తులు నాలుగు రకాలు. జరిగిపోయింది మళ్లీ కళ్లముందుకో కలలోకో రావడం. దాన్ని గుర్తుచేసే మనుషుల్నీ చోట్లనీ తప్పించుకు తిరగడం. మనసు మొద్దుబారి, తప్పంతా నాదేనన్న నమ్మకం పాతుకుపోవడం. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడటం, అయినదానికీ కానిదానికీ కోపం. ఇవన్నీ నెల దాటి నిలిచి బతుకుని దెబ్బ తీస్తుంటే జబ్బు కింద లెక్క. కొందరిలో ఈ గుర్తులన్నీ పైకి కనపడటానికే ఆర్నెల్లు దాటుతుంది, కొందరిలో ఏళ్లు పడుతుంది. అప్పటికి మనిషి పల్టన్‌లో ఉండడు, మీ జిల్లాలో ఉంటాడు.

యుద్ధం చూసినవాళ్లందరికీ ఇది రాదు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ప్రతి మాజీ సైనికుణ్ణీ అనుమానంగా చూస్తారు. వియత్నాం వెళ్లొచ్చిన అమెరికా సైనికుల మీద 1988లో తేల్చిన పెద్ద లెక్క ప్రకారం మగవాళ్లలో నూటికి 15 మందికి అప్పటికీ ఆ జబ్బు ఉంది. ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవాళ్లు నూటికి 30 మంది. 2006లో అదే లెక్కని గట్టిగా తిరగేస్తే ఆ అంకెలు 9కి, 19కి దిగాయి. ఏది తీసుకున్నా ఎక్కువమంది నిలదొక్కుకున్నట్టే. మరి పక్కపక్క బంకరులో పడుకున్న ఇద్దరిలో ఒకడు నిలబడి, ఇంకొకడు ఎందుకు కూలబడతాడు? దీనికి జవాబు కొంత తెలుసు. తెలిసినదాన్ని వాడుకుంటే ఎవర్ని ముందు పలకరించాలో మీకూ తెలుస్తుంది.

1. చేరకముందు మోసుకెళ్లినది. ముప్పు పెంచే కారణాల్లో మొదటి వరస సైన్యంలో పుట్టింది కాదు. చిన్నతనంలో తిన్న దెబ్బలు, అప్పటికే చూసిన చావులు, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉండటం, చదువు తక్కువ కావడం. ఇది విని "అయితే వాడు ముందునుంచీ పిరికివాడే" అనుకోవద్దు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసినప్పుడు ఐ.పోలవరం, కాట్రేనికోన, ముమ్మిడివరం వైపు తొమ్మిదేళ్లూ పదేళ్లూ ఉన్న పిల్లలు కొబ్బరిచెట్లు ఇళ్లమీద కూలడం చూశారు. తెల్లారాక కాలవల్లో తేలినవాటినీ చూశారు. వెయ్యిమంది దాకా పోయారు. ఆ పిల్లలే 2005లో, 2006లో రిక్రూట్‌మెంట్ ర్యాలీల్లో పరిగెత్తి నెగ్గి వెళ్లారు. పదిహేడేళ్ల సర్వీసు నిండి ఇప్పుడు మీ కౌంటరు ముందు నిలబడుతున్నది వాళ్లే. చేరేటప్పుడు ఛాతీ కొలిచారు, పళ్లు లెక్కపెట్టారు, తుపాను రాత్రి ఎక్కడున్నావురా అని మాత్రం అడగలేదు. అప్పుడు అడగాల్సిందని నేననను, అడిగితే ఇంటికి పంపేసేవాళ్లేమో. దిగాక అడగొచ్చు కదా.

2. అక్కడ జరిగినది. ఎంత దగ్గరగా, ఎన్నిసార్లు, ఎంతకాలం అన్నదాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది. ఒక్కసారి వెళ్లొచ్చినవాడికంటే పదేపదే వెళ్లినవాడికి ఎక్కువ. అధికారికంటే సిపాయికి ఎక్కువ. 2015లో సైనికుల మీదే జరిగిన 32 పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు పైకి తేలిన వాటిలో ఇవీ ఉన్నాయి: ఎదురుగా మనిషి గాయపడటమో చావడమో చూడటం, తను తుపాకీ పేల్చడం, ముందే మానసికంగా ఇబ్బంది పడి ఉండటం. ఆడవాళ్లకు ముప్పు ఎక్కువని కూడా తేలింది. సైన్యంలో మన ఆడపిల్లల సంఖ్య పెరుగుతోంది కాబట్టి ఇది ఇప్పుడే రాసిపెట్టుకోండి. పేలుడులో తలకి తగిలిన దెబ్బని "స్పృహ తప్పలేదు కదా, బాగానే ఉన్నాడు" అని వదిలేస్తాం, అదీ కారణమే. ఘటన జరుగుతున్నప్పుడు "నేను అక్కడ లేనట్టు, పైనుంచి చూస్తున్నట్టు అనిపించింది" అని ఎవరైనా చెబితే ఆ మాట చెవిన పెట్టండి, అలా మనసు విడిపోయినవాళ్లలో తరవాత జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది.

"నువ్వు ఇన్‌ఫాంట్రీయా? కాదు కదా, నీకెందుకు వస్తుంది" అని మావాళ్లలో మావాళ్లే అంటారు. డ్రైవరుకి వస్తుంది, మందుపాతర ముందుగా తగిలేది అతని బండికే. వంటవాడికీ వస్తుంది. హిమపాతంలో కూరుకుపోయిన తోటివాణ్ణి తవ్వి తీసినవాడికి శత్రువు కనపడక్కర్లేదు. 1999 ఎండాకాలంలో, కార్గిల్ యుద్ధంలో, ద్రాస్ వైపు అడ్వాన్స్‌డ్ డ్రెస్సింగ్ స్టేషన్‌లో, అంటే గాయపడినవాళ్లకి కట్లు కట్టే ముందు వరస శిబిరంలో, నేను ఒక్క గుండు పేల్చలేదు. బతికి వచ్చినవాళ్లకి కట్లు కట్టాను, బతికి రానివాళ్లని దుప్పట్లలో చుట్టాను. తడిసిన ఉన్ని దుప్పటి వాసన మా ఇంట్లో ఇప్పటికీ రాకూడదు. వానాకాలంలో దుప్పట్లు ఆరకపోతే మా ఆవిడ వాటిని పక్కింట్లో ఆరేస్తుంది, ఎందుకని వాళ్లూ అడగరు.

ఇక్కడే ఒక తప్పు ఒప్పుకోవాలి. నా సర్వీసులో సిక్ పరేడ్‌కి, అంటే ఒంట్లో బాగోలేనివాళ్లు చూపించుకునే వరసకి, రోజూ తలనొప్పి అని ఒక కుర్రాడు వచ్చేవాడు. పెట్రోలింగ్‌లో పక్కవాడు పోయి నెలన్నర అయింది. ఎం.ఐ. రూములో, అంటే యూనిట్ వైద్య గదిలో, అందరం కామ్‌చోర్, పని దొంగ అని నవ్వాం. నేనే నాలుగు పారాసెటమాల్ బిళ్లలు చేతిలో పెట్టి పంపేవాణ్ణి. పదిహేనేళ్లు నిండగానే పెన్షను మీద దిగిపోయాడని విన్నాను. మీ దగ్గరికి ఎవరైనా రోజూ తలనొప్పి అని వస్తే, దయచేసి నేను చేసింది మీరు చెయ్యకండి.

3. దిగొచ్చాక జరిగేది. అసలు ఈ లేఖ రాసింది ఈ మూడోదాని కోసం. 77 అధ్యయనాల్ని కలిపి 2000లో ఒక లెక్క తేల్చారు, సైనికులవీ మామూలు జనానివీ కలిపి. చిన్నప్పటి కారణాలకంటే బలమైనవి మూడు: దెబ్బ తీవ్రత, ఆ తరవాత ఆసరా దొరక్కపోవడం, ఆ తరవాత మీద పడే బతుకు కష్టాలు. మొదటిది కార్గిల్‌లోనో కుప్వారాలోనో అయిపోయింది, దాన్ని ఇప్పుడు ఎవరూ మార్చలేరు. మిగతా రెండూ అమలాపురంలో, భీమవరంలో, రాజోలులో ఈరోజుకీ జరుగుతున్నాయి. అంటే ముప్పులో పెద్ద వాటా మీ పరిధిలోనే ఉంది. జబ్బు కశ్మీరులో పుట్టింది కాబట్టి ఢిల్లీ చూసుకుంటుంది అనడానికి లేదు.

ఆ బతుకు ఎలా ఉంటుందో చెబుతాను. సిపాయి ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదేళ్లకి దిగుతాడు. పిల్లలు హైస్కూల్లో ఉంటారు, పెన్షను చాలదు. మాజీ సైనికుడికి మనవైపు దొరికే పని రెండు రకాలు: బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని నిలబడటం, రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. రెండూ పాత పనికి నకళ్లే. రాత్రంతా మేలుకోవాలి, చీకట్లోకి చూస్తుండాలి, చిన్న చప్పుడైతే లేవాలి. నిద్ర నేర్చుకోవాల్సిన మనిషికి జీతమిచ్చి మరీ మెలకువ నేర్పుతున్నాం. మా మండలంలో, కశ్మీరులో ఉగ్రవాదులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్‌లో చేసొచ్చిన ఒకతను పెన్షను డబ్బు పెట్టి రెండెకరాల చెరువు కౌలుకి తీసుకున్నాడు. రొయ్యలకి వైట్‌స్పాట్ తెగులు వచ్చి పంట పోయింది. అప్పు తీర్చడానికి ఇప్పుడు వేరేవాళ్ల చెరువు మీద కాపలా ఉంటున్నాడు. ఏరియేటర్ల హోరు ఫరవాలేదన్నా, కరెంటు పోయి డీజిల్ ఇంజను స్టార్ట్ చేసినప్పుడు ఆ పొగ వాసనకి కాన్వాయ్‌లో ఉన్నట్టే ఉంటుంది అన్నాడు. ఒక్క నెలలో రెండుసార్లు గట్టు మీదనుంచి పడ్డాడు. ఆ దెబ్బలకి మీ దగ్గర స్లిప్పు దొరికింది.

కష్టం ఆలస్యంగా వచ్చినా ఇదే తీరు. 1987లో శాంతిసేనతో శ్రీలంక వెళ్లి, జాఫ్నా వీధుల్లో చేసిన ఒక పెద్దాయన ముప్పై ఏళ్లు పాడి పశువులతో నిబ్బరంగా బతికాడు. మూడేళ్ల కింద భార్య పోయింది. పిల్లలు హైదరాబాదులో. ఇల్లు ఖాళీ అయిన ఆర్నెల్లకి ఆ వీధులు మళ్లీ కలలోకి దిగాయి. ఇన్నేళ్లూ ఆ తలుపు మూసి పట్టుకున్నది ఆవిడే అన్నమాట.

4. క్యాంటీన్ సీసా. మిలిటరీ క్యాంటీన్లో కోటా మీద దొరికే మందు నిద్ర కోసం మొదలవుతుంది. తాగితే కల రాదు అంటారు. మొదట్లో నిజమే, తరవాత తాగకపోతే అసలు నిద్రే రాదు. మందు మానిపించే కేంద్రానికి తీసుకెళ్తే అక్కడ మందు సంగతే చూస్తారు, కింద ఉన్నది అలాగే ఉండి మూడో నెలకి మళ్లీ మొదలు. ఇంకో చిత్రం కూడా ఉంది. నెల కోటా సీసాల చుట్టూ ఊళ్లో చుట్టాలు పెరుగుతారు. రేషను కార్డు పని దగ్గర్నుంచి పొలం సర్వే దాకా ఒక రమ్ము సీసా అడగనివాడు లేడు. వాటాలు పోగా మిగిలింది ఈయన తాగుతాడు, పేరు మాత్రం ఈయనకే వస్తుంది.

5. దీపావళి, సంక్రాంతి. ఇవి జబ్బు తెప్పించవు, ఉన్నదాన్ని రేపుతాయి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం మా అందరికీ ప్రాణం, నేనూ ప్రభ మోసినవాణ్ణే. బాణసంచా ఎప్పుడు మొదలవుతుందో తెలిస్తే మనిషి సిద్ధపడతాడు. వెనకనుంచి హఠాత్తుగా పేలితేనే కాలవలో దూకుతాడు. మావాడొకడు దూకాడు కూడా. జనం ఫోన్లు తీసి వీడియో తీశారు.

6. ఇంట్లోవాళ్లు. భార్య వేరే గదిలో పడుకుంటుంది, నిద్రలో ఒకసారి గొంతు పట్టుకున్నాడు కాబట్టి. నాన్నని లేపాలంటే పిల్లలు దగ్గరికి వెళ్లి తట్టరు, గుమ్మం దగ్గర నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. ఈ ఏర్పాట్లు ఎవరూ నేర్పలేదు, దెబ్బలు తిని నేర్చుకున్నారు. "పెన్షను వస్తోంది కదమ్మా, సర్దుకో" అని పుట్టింటివాళ్లు అంటారు. ఆసరా లేకపోవడమే పెద్ద కారణమని పైన రాశాను. ఆ ఆసరాని ఒంటరిగా మోస్తున్నది ఈ ఆడవాళ్లే. వాళ్లు విరిగిపోతే తరవాత మోసేవాళ్లెవరూ లేరు.

7. దొరుకుతున్న వైద్యం. 2003లో ఈసీహెచ్‌ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం, మొదలయ్యాక మావాళ్లకి గుండె, మోకాలు, షుగరు విషయంలో మేలే జరిగింది, కాదనను. నిద్ర లేదంటే మాత్రం ఆల్‌ప్రజోలామ్ అనే నిద్రమాత్ర రాస్తారు. నెలకోసారి అదే చీటీ మీద అదే బిళ్ల, ఏళ్ల తరబడి. ఈ జాతి నిద్రమాత్రలు పీటీఎస్‌డీకి వాడొద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి, పైగా అలవాటు పడితే మానడం కష్టం. తాగిన మీద ఈ బిళ్ల వేస్తే ఊపిరికే ప్రమాదం. ఒక్కరోజు హాల్లో కూర్చోబెట్టి మోటివేషన్ క్లాసు పీకడం కూడా వైద్యం కాదు. ఒక్క సిట్టింగులో జరిగిందంతా కక్కించేస్తే తగ్గుతుందన్న పద్ధతి పనిచెయ్యదని, కొందరికి ఎదురు తన్నిందని ఎప్పుడో తేలింది. పనిచేసేవి ఉన్నాయి. శిక్షణ ఉన్న మనిషితో వారానికోసారి పది, పన్నెండు వారాలు ఆ జ్ఞాపకం మీదే పనిచేసే మాటల వైద్యం, సెర్ట్రాలిన్, పరాక్సిటీన్ లాంటి మందులు. మాటల వైద్యం తెలుగులో జరగాలి. హిందీలో ఆర్డర్లు తీసుకున్నవాడు కూడా భయాన్ని తెలుగులోనే చెప్పుకుంటాడు. దూరం మరో సంగతి. సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి, బస్సు పట్టుకుని వెళ్తే డాక్టరుగారు పది నిమిషాలకంటే ఇవ్వలేరు. మళ్లీ వారం వెళ్లమంటే ఎవడు వెళ్తాడు?

8. రికార్డులు. సైన్యం వైద్య పరీక్షలో గ్రేడు వేసే షేప్ (SHAPE) అన్న అయిదు అక్షరాల్లో మొదటి ఎస్ మనసుదే. అయినా ఆ ఎస్ దగ్గర ఒకటి తప్ప వేరే అంకె పడితే ప్రమోషను పోతుందని, తోటివాళ్లు పిచ్చోడంటారని ఎవరూ నోరు విప్పరు. సర్వీసు నుంచి దిగేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కు శుభ్రంగా వస్తుంది. పదేళ్ల తరవాత జబ్బు బయటపడి వైకల్య పెన్షను అడిగితే "సర్వీసుకి సంబంధం లేదు" అంటారు. చేరేటప్పుడు రికార్డులో లేని జబ్బు తరవాత వచ్చి, దాంతోనే సర్వీసునుంచి పంపేస్తే, అది సర్వీసువల్ల వచ్చిందనే అనుకోవాలని, కాదని రుజువు చేసే భారం ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు దిగిపోయాక బయటపడేవాళ్లందరికీ సూటిగా వర్తించదు. 2023లో నియమాలూ మారాయి. ఆ చిక్కుముడి విప్పే వకీలుని కాదు నేను. కాగితం తయారు చేసుకోవడానికి సిపాయికి సాయం చేసే మనిషి ఒకరు మీ కార్యాలయంలో ఉండాలంటున్నాను, అంతే.

9. మీ లెక్కలోకి రానివాళ్లు. కేంద్ర రిజర్వు పోలీసులో చేసినవాళ్లకి ఈసీహెచ్‌ఎస్ లేదు, సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లది కాదు. 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లో తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది పోయారు. ఆ అడవి నీళ్లే మన గోదావరిలో కలుస్తాయి. ఆ అడవుల్లో ఏళ్లు గడిపి మన ఊళ్లకి తిరిగొచ్చినవాళ్లు ఏ కౌంటరుకి వెళ్లాలి?

ఇక అగ్నివీరులు. పథకం 2022 జూన్‌లో ప్రకటించారు. పదిహేడున్నర ఏళ్లకే చేరొచ్చు, నాలుగేళ్లు చేసి నూటికి కనీసం 75 మంది సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికొస్తారు. పెన్షను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. 2022 చివర్లో చేరిన మొదటి విడతకి 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. చిన్న వయసు, అందరికంటే కింది మెట్టు, దిగాక ఉద్యోగం లేకపోవడం, పల్టన్ తోడు తెగిపోవడం. పైన నేను రాసిన ముప్పుల జాబితా పక్కన పెట్టుకుని ఈ పిల్లల్ని చూడండి. పథకం మంచిదా చెడ్డదా అన్న తగువులోకి నేను రాను. వాళ్లు దిగేది మన బస్టాండ్లలోనే.

ఇప్పుడు అడిగేవి. డబ్బు ఎక్కువ పట్టేవి చివర్లో పెట్టాను.

10. అయిదు ప్రశ్నలు అడగండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్‌కి, క్యాంటీన్ కార్డుకి, మందులకి మావాళ్లు ఎలాగూ వస్తారు. జీవితంలో ఘోరమైన సంఘటన ఏదైనా చూశారా అని ముందు అడిగి, ఉందంటే గడిచిన నెల గురించి అవునా కాదా అని అయిదు ప్రశ్నలు వేసే పద్ధతి ప్రపంచమంతా వాడుతున్నారు. దానిగురించి పీడకలలు గానీ, వద్దన్నా వచ్చే జ్ఞాపకాలు గానీ ఉన్నాయా? అది గుర్తురాకుండా తప్పించుకు తిరుగుతున్నారా? ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు, తేలిగ్గా ఉలిక్కిపడుతున్నట్టు ఉందా? మనుషులకి, పనులకి దూరమైపోయినట్టు, మొద్దుబారినట్టు ఉందా? జరిగినదానికి మిమ్మల్నిగానీ ఇంకొకర్నిగానీ తప్పుపట్టుకోవడం ఆపలేకపోతున్నారా? నాలుగు అవునులు వస్తే డాక్టరు నిదానంగా కూర్చుని చూడాలి, మూడు వచ్చినా వదిలెయ్యకూడదు. రెండు నిమిషాల పని. క్యూలో అందరిముందూ అడగకండి, పక్కకి పిలిచి అడగండి. దానితోపాటు మూడు మాటలు రాసుకోండి: ఎవరితో ఉంటున్నారు, రాత్రి పని చేస్తున్నారా, అప్పు ఉందా.

11. నెలల తరబడి నడుస్తున్న నిద్రమాత్రల చీటీలన్నీ ఒకసారి తిరగెయ్యండి. ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, అందుకని మానసిక వైద్యుడి చూపులో నెమ్మదిగా తగ్గించండి.

12. 14416 నంబరు పెద్దక్షరాలతో ప్రతి కౌంటరు దగ్గర, క్యాంటీన్ తలుపు మీద అంటించండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైంది, తెలుగులో మాట్లాడతారు. సైనికుల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో ప్రత్యేక విభాగమూ పెట్టారు. ఈ సంగతి నేను చెప్పేదాకా మా అరుగు మీదికి వచ్చినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. భార్యలు కూడా ఫోను చెయ్యొచ్చని రాయండి.

13. తీర్థం కమిటీలు, ఊరి దీపావళి పెద్దలు పెద్ద బాణసంచా వేళ ముందురోజే మైకులో చెప్పేలా కలెక్టర్లు ఒక కాగితం పంపండి. నిషేధం అక్కర్లేదు.

14. నెలకి ఒకరోజు మాజీ సైనికులు కూర్చోవడానికి మండలానికో గది ఇవ్వండి, పంచాయతీ హాలైనా చాలు. తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం లాంటి, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు ఉంది మనకి. అక్కడ పోయినవాళ్లకి స్తూపం ఉంది. బతికొచ్చినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు ప్రతి మండలంలో కావాలి.

15. దిగుతున్న అగ్నివీరుల, కేంద్ర పోలీసు బలగాల నుంచి వచ్చినవాళ్ల జాబితా జిల్లాలో ఒకచోట ఉంచండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద తొలి ఏడాది కనీసం రెండుసార్లు పలకరించండి. మానసిక వైద్యం పొందే హక్కు 2017 చట్టం అందరికీ ఇచ్చింది, కార్డు రంగు అడగలేదు.

16. వారానికి ఒకరోజు ప్రతి పాలీక్లినిక్‌లో మానసిక వైద్యుడు, మాటల వైద్యంలో శిక్షణ ఉన్న తెలుగు మాట్లాడే మనిషి ఒకరు. ఒకేసారి కుదరకపోతే కోనసీమతో మొదలుపెట్టండి, రాలేనివాళ్లకి ఫోనులోనైనా జరిపించండి.

17. రాత్రి కాపలా తప్ప వేరే పని. ఈ అయిదు ప్రశ్నల్లో తేలినవాళ్లకి బ్యాంకులు, గోదాముల్లో పగటి డ్యూటీ ఇప్పించమని మీ సిఫారసు లేఖ ఒకటి చాలు.

ఈ లేఖ ప్రతిని వచ్చే సోమవారం నాలుగో అర్జీగా గ్రీవెన్సులో ఇస్తున్నాను. పరిష్కరించడమైనది అన్న మెసేజీ ఈసారి వద్దు. ఏ శాఖకు పంపారో దాని పేరు, చూసే అధికారి హోదా, జవాబిచ్చే తేదీ, ఈ మూడూ రాసి పంపండి. మోకాలి నొప్పి అని మాత్రం రాయను.

ఇట్లు,
ఒక మాజీ నర్సింగ్ అసిస్టెంటు,
ఆర్మీ మెడికల్ కోర్,
కోనసీమ